మొదటి బొమ్మ మసకగా వస్తే

స్విచ్ నొక్కగానే మానిటర్ మీద కంపెనీ లోగో నీట్‌గా వస్తుంది. దాని వెనకాలే రావాల్సిన ఉబుంటు గుర్తో, లినక్స్ మింట్ ఆకో మాత్రం తెరంతా ఉబ్బిపోయి, అంచులు మెట్లు మెట్లుగా విరిగి కనిపిస్తుంది. కొందరి తెర మీద బొమ్మ ఒక మూలకు నక్కి కూర్చుంటుంది. ఇంకొందరికి బొమ్మే ఉండదు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు పరుగులు తీస్తాయి. లాగిన్ దగ్గరికి వచ్చేసరికి అంతా సర్దుకుంటుంది, పనీ ఆగదు. కానీ రోజూ పొద్దున్నే అది చూసినప్పుడల్లా ఒక అనుమానం పొడుస్తూనే ఉంటుంది: నేనే ఎక్కడో సరిగ్గా ఎక్కించలేదేమో?

ఈ అనుమానంతోనే లినక్స్ తీసేసి పాత విండోస్ మళ్లీ వేయించుకున్నవాళ్లు నాకు తెలుసు. అందుకే ఇంత చిన్న విషయానికి ఒక అధ్యాయం కేటాయిస్తున్నాను. చెడింది ఏమిటో తెలియనప్పుడు మనిషి తన మీద తనే నింద వేసుకుంటాడు. ఎక్కడ చెడిందో చూడటం వచ్చిన రోజు ఆ నింద దానంతటదే పోతుంది. ఈ బొమ్మను సరిచేయడం అలా చూడటం నేర్చుకోవడానికి దొరికే మంచి పాఠం. ఫైళ్లు పోయే భయం లేదు, ఖర్చు దాదాపు లేదు, ఫలితం మళ్లీ స్టార్ట్ చేయగానే కళ్ల ముందుంటుంది.

హైదరాబాద్‌లో ఉప్పల్, నాచారం వైపు ఈ ఫిర్యాదు ఈమధ్య ఎక్కువగా వినపడటానికి కారణం ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కు టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. హబ్సిగూడ నుంచి మల్లాపూర్ దాకా ఇళ్లలో, ట్యూషన్ సెంటర్లలో, నాచారం ఇండస్ట్రియల్ ఏరియా స్టోర్ రూముల్లో ఉన్న డెస్క్‌టాప్‌లు చాలావరకు అంతకంటే పాతవి. అవి ఇంకా గట్టిగా పనిచేస్తున్నాయి. వాటిని తుక్కులో వేయకుండా లినక్స్ ఎక్కించడం తెలివైన పని. అయితే ఆ పెట్టెల వెంట పాత మానిటర్లు, పాత వీజీఏ కేబుళ్లు, సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో కొన్న సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డులు కూడా వస్తాయి. మసకబొమ్మ కథ అక్కడే మొదలవుతుంది.

ఇంకో మాట. ఈ బొమ్మ అలంకారం మాత్రమే అనుకోకండి. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లను కంప్యూటర్ పాస్‌వర్డ్ అడిగేది ఈ తెర మీదే. కరెంటు పోయి సిస్టమ్ అర్ధాంతరంగా ఆగిపోతే, మర్నాడు డిస్క్ తనిఖీ ఎంతవరకు వచ్చిందో చెప్పేదీ ఇక్కడే. పాస్‌వర్డ్ గడి తెర అంచుకు వెళ్లిపోతే పాస్‌వర్డ్ ఎక్కడ కొట్టాలో కూడా తెలియదు.

బొమ్మ ఎన్ని చేతులు మారుతుంది

యాదగిరిగుట్ట నుంచి మియాపూర్ వెళ్లే మనిషిని తీసుకోండి. బస్సులో వచ్చి ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర దిగుతాడు. స్కైవాక్ ఎక్కి మెట్రో స్టేషన్‌కు నడుస్తాడు. నీలం లైన్లో అమీర్‌పేట దాకా వెళ్లి, అక్కడ ఎర్ర లైనుకు మారతాడు. మియాపూర్‌లో ఆలస్యంగా దిగితే అమీర్‌పేటను తిట్టుకునే ముందు, అసలు ఉప్పల్లోనే ఎన్నింటికి దిగాడో చూసుకోవాలి కదా. తెర మీది బొమ్మ కూడా ఇలాగే చేతులు మారుతూ వస్తుంది.

ముందు మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ తెరను వెలిగిస్తుంది. పాత పెట్టెల్లో అది బయోస్, కొత్తవాటిలో యూఈఎఫ్ఐ. తర్వాత గ్రబ్ వస్తుంది. ఏ సిస్టమ్ కావాలో ఎంచుకునే మెనూ అదే. గ్రబ్ నుంచి కెర్నెల్ పగ్గాలు తీసుకుంటుంది. కెర్నెల్‌తో పాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న మూట ఒకటి మెమరీలోకి వస్తుంది. తొలి క్షణాల్లో అవసరమైన డ్రైవర్లు అందులో ఉంటాయి. బొమ్మ గీసే ప్రోగ్రామ్ పేరు ప్లిమత్. అది కూడా ఆ మూటలోంచే లేస్తుంది. చివరికి లాగిన్ తెర.

ప్లిమత్ 2008 నవంబర్‌లో ఫెడోరా 10తో వచ్చింది. 2010 ఏప్రిల్‌లో ఉబుంటు 10.04 దాన్ని తీసుకుంది. అంతకుముందు తెర కొలతను మార్చే పని డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ సర్వర్ చేతిలో ఉండేది. 2009 మార్చిలో వచ్చిన కెర్నెల్ 2.6.29తో ఇంటెల్ గ్రాఫిక్స్‌కు ఆ పని కెర్నెల్‌కే మారింది. దీన్నే కెర్నెల్ మోడ్ సెట్టింగ్ అంటారు, పొట్టిగా కేఎంఎస్. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మిగిలినదంతా అర్థమైపోతుంది. సరైన డ్రైవర్ సరైన సమయానికి కెర్నెల్‌కు అంది, మానిటర్ తన కొలత తాను చెప్పగలిగితే బొమ్మ నీట్‌గా వస్తుంది. రెంటిలో ఏది తప్పినా ప్లిమత్ చేతికి ఫర్మ్‌వేర్ వదిలిపెట్టిన కొలతో, 1024×768 లాంటి సర్దుబాటు కొలతో దొరుకుతుంది. దాన్ని 1440×900 మానిటర్ సాగదీసి చూపిస్తుంది. మసక అంటే అదే.

ఏమీ ముట్టుకోకుండా ముందు చూడండి

ఈ మార్పులన్నీ సెకన్లలో అయిపోతాయి, కంటికి ఆగవు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో పెట్టి, స్విచ్ నొక్కినప్పటి నుంచి లాగిన్ దాకా తెరను షూట్ చేయండి. తర్వాత నిదానంగా జరుపుతూ చూడండి. గ్రబ్ మెనూ అక్షరాలే లావుగా ఉన్నాయా? గ్రబ్ బాగుండి, ప్లిమత్ దగ్గర చెడిందా? బొమ్మ ముందు మసకగా వచ్చి, రెండు సెకన్ల తర్వాత ఒకసారి మినుకుమని బాగైందా? ఈ మూడింటికీ మందులు వేరు. లాగిన్ తర్వాత డెస్క్‌టాప్‌లో కూడా అసలు కొలత దొరకకపోతే అది నాలుగో జబ్బు. అప్పుడు ప్లిమత్ జోలికే పోనక్కర్లేదు. డ్రైవర్‌నో, కేబుల్‌నో అనుమానించాలి.

మానిటర్ అసలు కొలత కూడా ఇప్పుడే రాసిపెట్టుకోండి. పాత 17 అంగుళాల చదరపు మానిటర్లు మామూలుగా 1280×1024, 19 అంగుళాల వెడల్పువి 1440×900, 18.5 అంగుళాలవి 1366×768. వెనకవైపు స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబర్‌తో వెతికితే కచ్చితమైన కొలత దొరుకుతుంది.

కేబుల్‌ను తేలిగ్గా తీసుకోకండి

సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గే మనసుకు కేబుల్ గుర్తుకే రాదు. నేను మాత్రం అక్కడే మొదలుపెడతాను.

ప్రతి మానిటర్‌లోనూ తన వివరాలు రాసి ఉన్న చిన్న పట్టిక ఉంటుంది. దాని పేరు ఈడీఐడీ. మూల పట్టిక 128 బైట్లే. తయారీదారు ఎవరు, ఏ కొలతలు చూపగలదు, ఏది దాని సొంత కొలత అన్నీ అందులోనే ఉంటాయి. కెర్నెల్ దాన్ని చదివే దారి వీడియో కేబులే. వీజీఏ కేబుల్‌లో 12, 15 నంబర్ల పిన్నులు ఈ పనికి కేటాయించినవి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులను మోసే తీగలు బాగుండి ఈ రెండు తీగలు తెగినా, చవక కేబుల్‌లో అసలు వేయకపోయినా, రంగుల్లో ఏ తేడా లేకుండా బొమ్మ వస్తుంది. కానీ మానిటర్ ఎవరో కెర్నెల్‌కు తెలియదు. అప్పుడది జాగ్రత్తపడి 1024×768 దాటదు. కేబుల్ చివర పిన్నులు లెక్కపెట్టి తేల్చుకోవచ్చని అనుకోకండి; 9వ నంబర్ పిన్ను లేకపోవడం మామూలే, 12, 15 పైకి కనిపిస్తూనే లోపల తీగ లేకపోవచ్చు.

నాచారం హెచ్ఎంటీ నగర్‌లో ఒక ట్యూషన్ సెంటర్. వరసగా పాత డెస్క్‌టాప్‌లు, అన్నిటిలో లినక్స్ మింట్. గోడవారగా ఉన్న ఒక్కదాంట్లోనే బొమ్మ ఉబ్బి వస్తోంది. అక్కడ కంప్యూటర్లు చూసుకునే డిగ్రీ కుర్రాడు నాతో అన్నాడు: "అన్నా, అన్నిట్ల ఒక్కటే పెన్‌డ్రైవ్‌తోని ఏసిన. ఇది ఒక్కటే ఇట్ల జేస్తుంది. మల్ల ఫార్మాట్ కొట్టమంటవా?" వద్దన్నాను. పక్క పెట్టె కేబుల్ పీకి దీనికి పెట్టమన్నాను, దీని కేబుల్ దానికి. రెండూ స్టార్ట్ చేశాం. గోడవార పెట్టెలో మింట్ ఆకు సన్నటి అంచులతో వచ్చింది. పక్కదాంట్లో ఉబ్బింది. జబ్బు కేబుల్‌తో పాటు నడిచి వెళ్లింది. ఆ కుర్రాడి ముఖం చూడాలి. ఆ వారమంతా తను చేసిన ఇన్‌స్టాలేషన్‌ను అనుమానించుకుంటూ ఉన్నాడు పాపం.

మార్చి చూడటానికి ఇంకో కేబుల్ లేకపోతే కంప్యూటర్‌నే అడగవచ్చు. (కమాండ్లన్నీ పలికే తీరులోనే రాస్తున్నాను, ఫోన్‌లో ఒకరికొకరు చెప్పుకునేది ఇలాగే కాబట్టి. టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాలు వాడండి. పెద్దవి కావాల్సిన చోట చెబుతాను.) ఫైల్ సిస్టమ్‌లో సిస్, అందులో క్లాస్, అందులో డీఆర్ఎం అనే ఫోల్డర్ ఉంటుంది. అక్కడ కార్డ్0-వీజీఏ-1 లాంటి పేర్లు కనిపిస్తాయి. కొత్త కెర్నెళ్లలో కార్డ్1 అని ఉన్నా కంగారుపడొద్దు. 2021 ఆగస్టులో వచ్చిన కెర్నెల్ 5.14 నుంచి సింపుల్‌డీఆర్ఎం అనే తాత్కాలిక డ్రైవర్ ఉంది, అది ముందు లేచి సున్నా నంబర్ తీసుకుంటే అసలు కార్డుకు ఒకటి దక్కుతుంది. ఆ ఫోల్డర్‌లోని ఈడీఐడీ ఫైలును క్యాట్‌తో తెరిచి, నిలువు గీత పెట్టి, డబ్ల్యూసీ హైఫన్ సీ అని కొట్టండి. 128 గానీ 256 గానీ వస్తే మానిటర్ మాట్లాడుతోందని అర్థం. సున్నా వస్తే దారి తెగింది. ట్యూషన్ సెంటర్ పెట్టెలో పాత కేబుల్‌తో సున్నా, పక్కదాని కేబుల్‌తో 128 వచ్చాయి.

ఒక కంప్యూటర్‌ను రెండు తెరలకు పంచే స్ప్లిటర్లు, రెండు కంప్యూటర్లకు ఒకే మానిటర్ వాడే స్విచ్‌లు, హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే చిన్న అడాప్టర్లు కూడా ఈ మాటను మధ్యలో మింగేస్తుంటాయి. వాటిని తీసి నేరుగా కలిపి చూడండి. కేబుల్ మార్చే వీలే లేకపోతే కెర్నెల్‌కు మనమే కొలత చెప్పొచ్చు. అందుకు వీడియో=వీజీఏ-1:1440×900@60 అనే మాటను బూట్ లైనులో చేర్చాలి (ఆ లైను ఎక్కడుందో కింద చెబుతాను). వీడియో, మధ్యలో ఎక్స్ చిన్న అక్షరాలు, వీజీఏ పెద్ద అక్షరాలు. నా సలహా మాత్రం కేబుల్ కొనమనే. కొలతను చేత్తో రాసిపెట్టిన పెట్టెకు రేపు వేరే మానిటర్ తగిలిస్తే తెర నల్లబడొచ్చు, అప్పటికి ఈ మార్పు ఎవరికీ గుర్తుండదు.

ఒక్కసారికి మాత్రమే మార్చి చూసే దారి

బూట్ లైను ఏమిటో, దాన్ని భయం లేకుండా ఎలా మార్చాలో తెలిస్తే సగం పని అయినట్టే. స్టార్ట్ అవుతున్నప్పుడు పాత బయోస్ పెట్టెల్లో షిఫ్ట్ నొక్కి పట్టుకుంటే, యూఈఎఫ్ఐ వాటిలో ఎస్కేప్ నొక్కితే గ్రబ్ మెనూ వస్తుంది. మొదటి వరుస మీద ఉండగా ఇంగ్లిష్ 'ఈ' (e) అక్షరం నొక్కండి. కొన్ని లైన్లు తెరుచుకుంటాయి. వాటిలో లినక్స్ అనే మాటతో మొదలయ్యే లైను మనది. చివర క్వైట్ స్ప్లాష్ అని ఉంటుంది. అక్కడ మార్చి కంట్రోల్, ఎక్స్ నొక్కితే ఆ మార్పుతో బూట్ అవుతుంది. మళ్లీ రీస్టార్ట్ చేస్తే పాత లైనే వస్తుంది. అంటే ఇక్కడ ఎంత ప్రయోగం చేసినా శాశ్వతంగా చెడేదేమీ లేదు. దేన్నయినా ముందు ఇక్కడ పరీక్షించి, ఫలితం చూశాకే ఫైల్లో రాయండి.

ఆ లైనులో నోమోడ్‌సెట్ అనే మాట ఉందేమో చూడండి. గ్రాఫిక్స్ కార్డు మొరాయించినప్పుడు ఇన్‌స్టాల్ ఎలాగోలా పూర్తవడానికి పెట్టే మాట అది. కేఎంఎస్‌ను ఆపేయమని దాని అర్థం. ఇన్‌స్టాల్ అయ్యాక దాన్ని తీసేయాలి. ఎవరూ తీయరు. సెకండ్ హ్యాండ్‌లో లినక్స్ ఎక్కించి అమ్మిన పెట్టెల్లో, ఇంటర్‌నెట్‌లో దొరికిన చిట్కాను కళ్లు మూసుకుని అతికించిన పెట్టెల్లో ఇది తరచూ కనిపిస్తుంది. తీసేసి ఒకసారి బూట్ చేయండి. బొమ్మ చక్కబడి డెస్క్‌టాప్ కూడా మామూలుగా వస్తే దోషం దొరికింది. తెర నల్లగా ఉండిపోతే అసలు డ్రైవర్ సమస్య ఇంకా ఉందని అర్థం. ముందు దాని సంగతి చూడాలి.

స్ప్లాష్ అనే మాట అసలు లేకపోతే బొమ్మ రాదు, అక్షరాలే వస్తాయి. డెబియన్ వాడేవాళ్లు ఇది చూసుకోవాలి. అక్కడ ప్లిమత్ ప్యాకేజీలను వేసుకుని ఈ మాటను మనమే చేర్చాల్సి రావచ్చు.

మార్పును శాశ్వతం చేయాలంటే ఈటీసీ ఫోల్డర్‌లోని డీఫాల్ట్‌లో గ్రబ్ అనే ఫైలు ఉంటుంది. ముట్టుకునే ముందు దానికి ఒక నకలు తీసి, పక్కన తేదీతో పేరు పెట్టి ఉంచండి. మార్చాక సూడో అప్‌డేట్-గ్రబ్ కొట్టాలి. ఉబుంటు, మింట్, డెబియన్‌లకు ఇది సరిపోతుంది.

డ్రైవర్ ఆలస్యంగా లేస్తే

బొమ్మ ముందు మసకగా వచ్చి, ఒక మినుకుతో బాగయ్యే జబ్బుకు కారణం సాధారణంగా ఒక్కటే. గ్రాఫిక్స్ డ్రైవర్ ఆ చిన్న మూటలో లేదు, అసలు డిస్క్ తెరుచుకున్నాక తీరిగ్గా లోడ్ అవుతోంది. అప్పటిదాకా ప్లిమత్ ఫర్మ్‌వేర్ ఇచ్చిన కొలత మీదే గీసింది.

ముందు మీ డ్రైవర్ పేరు తెలుసుకోండి. ఎల్ఎస్‌పీసీఐ హైఫన్ కే అని కొడితే వచ్చే జాబితాలో వీజీఏ అన్న చోట, కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్ అనే వరుస ఎదురుగా ఉంటుంది. ఇంటెల్ అయితే ఐ915, ఏఎండీ పాతవైతే రేడియాన్, కొత్తవైతే ఏఎండీజీపీయూ, ఎన్‌విడియాకు స్వేచ్ఛా డ్రైవర్ అయితే నూవో. ఇప్పుడు ఈటీసీలోని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్-టూల్స్ ఫోల్డర్‌లో మాడ్యూల్స్ అనే ఫైలు తెరిచి, చివర ఒక కొత్త లైనులో ఆ పేరు ఒక్కటీ రాసి సేవ్ చేయండి. తర్వాత సూడో అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ హైఫన్ యూ. ఇది మరిచిపోతే రాసిందంతా వృథా, ఎందుకంటే పాత మూటే లోడ్ అవుతుంది. ఫెడోరాలో ఈ మూటను కట్టేది డ్రాకట్. దానికి డ్రాకట్ హైఫన్ ఎఫ్ చాలు.

ఎన్‌విడియా సొంత డ్రైవర్ వాడుతుంటే ఒక మెట్టు ఎక్కువ. బూట్ లైనులో ఎన్‌విడియా-డీఆర్ఎం.మోడ్‌సెట్=1 ఉండాలి. లేకపోతే ఆ డ్రైవర్ కేఎంఎస్ పని చేయకుండా, తెరను లాగిన్ దాకా ఫర్మ్‌వేర్ కొలతలోనే వదిలేసే అవకాశం ఉంది. బాగా పాత కార్డులకు ఎన్‌విడియా డ్రైవర్ మద్దతు ఎప్పుడో ఆపేసింది. వాటితో కుస్తీ పట్టడం కంటే నూవో వాడుకోవడం మేలు. ఆటలు ఆడని ఇంటికి, ట్యూషన్ సెంటర్‌కు అది చాలు.

గ్రబ్ అక్షరాలే లావుగా ఉన్నప్పుడు

ఇక్కడ కెర్నెల్ ప్రమేయం ఇంకా రాలేదు. గ్రబ్‌కు దొరికేవి ఫర్మ్‌వేర్ ఇచ్చే కొలతలే. ఏమేమి ఇస్తోందో తెలియాలంటే గ్రబ్ మెనూలో సీ అక్షరం నొక్కి, వచ్చిన ప్రాంప్ట్ దగ్గర వీడియోఇన్ఫో అని కొట్టండి. జాబితా వస్తుంది. అందులో ఉన్న కొలతనే అడగాలి, లేనిది అడిగితే రాదు. డీఫాల్ట్ ఫోల్డర్‌లోని గ్రబ్ ఫైల్లో గ్రబ్, అండర్‌స్కోర్, జీఎఫ్ఎక్స్‌మోడ్ అనే లైను ఉంటుంది, అన్నీ పెద్ద అక్షరాలే. మొదట్లో ఉన్న హ్యాష్ గుర్తు తీసేసి కొలత రాయండి. కామాలు పెట్టి రెండు మూడు కొలతలు వరసగా రాయొచ్చు. మొదటిది కుదరకపోతే రెండోది తీసుకుంటుంది. చివర ఆటో అని ఉంచడం మంచిది.

1366×768 మానిటర్లు ఉన్నవాళ్లకు ఒక ఓదార్పు. వీడియోఇన్ఫో జాబితాలో మీ కొలత కనిపించకపోతే ఆశ్చర్యపోకండి. తెర వెడల్పును ఎనిమిది పిక్సెళ్ల గుత్తులుగా లెక్కపెట్టడం పాత ప్రమాణాల అలవాటు. 1366ను ఎనిమిదితో భాగిస్తే 170.75 వస్తుంది. అందుకే ఫర్మ్‌వేర్ చాలాచోట్ల 1360×768నో, 1024×768నో ఇచ్చి ఊరుకుంటుంది. గ్రబ్ మెనూను 1024లో ఉండనివ్వండి. తర్వాత కెర్నెల్ డ్రైవర్ లేవగానే అసలు కొలత వస్తుంది. దీని కోసం రాత్రుళ్లు మేలుకోవద్దు.

ఇంటర్‌నెట్‌లో వెతికితే వచ్చే పాత చిట్కాల గురించి గట్టిగా చెప్పాలి. వీజీఏ=791 అని రాయమంటే అది పాత గ్రబ్ కాలపు మాట; 1024×768 అని అర్థం. యూవెసాఎఫ్‌బీ, వీ86డీ అనే ప్యాకేజీలు వేయమంటే అది 2010లో ఉబుంటు 10.04 కొత్తగా వచ్చినప్పుడు ఎన్‌విడియా డ్రైవర్ల కోసం పుట్టిన చిట్కా. అప్పట్లో అది చాలామందిని గట్టెక్కించింది. యూఈఎఫ్ఐతో బూట్ అయ్యే నేటి పెట్టెలో అది పనిచేయదు, ఎందుకంటే అది పిలిచేది పాత వీడియో బయోస్‌ను. ఏ చిట్కా చదివినా ముందు దాని సంవత్సరం చూడండి. తర్వాత అది గొలుసులో ఏ చేతికి సంబంధించిందో చూడండి. ఈ రెండూ తెలియకుండా టెర్మినల్‌లో అతికించకండి.

డ్రైవర్, కేబుల్, గ్రబ్ అన్నీ బాగుండీ బొమ్మ ఒక్కటే పెద్దగానో చిన్నగానో ఉంటే అది థీమ్ సంగతి. 1920×1080 తెర కోసం ఎవరో గీసిన థీమ్‌ను చదరపు మానిటర్ మీద వేస్తే అంచులు తెగుతాయి. యూఎస్ఆర్, షేర్, ప్లిమత్, థీమ్స్ అనే దారిలో థీమ్‌లు ఉంటాయి. డిస్ట్రోతో వచ్చిన మామూలు థీమ్‌కు మార్చి చూడండి, తేలిపోతుంది. చిక్కటి పిక్సెళ్లున్న ల్యాప్‌టాప్ తెరల మీద ప్లిమత్ తనంతట తనే బొమ్మను రెట్టింపు చేస్తుంది. అది నచ్చకపోతే ఈటీసీలోని ప్లిమత్ ఫోల్డర్‌లో ప్లిమత్‌డీ.కాన్ఫ్ ఫైలు తెరిచి, డీమన్ అనే శీర్షిక కింద డివైస్‌స్కేల్=1 అని రాస్తే ఆగుతుంది (డీమన్‌లో మొదటి డీ, డివైస్‌స్కేల్‌లో డీ, ఎస్ పెద్ద అక్షరాలు). మూట మళ్లీ కట్టడం మరవకండి.

ఎంతవరకు పట్టించుకోవాలి? పెట్టెలో ఎస్ఎస్‌డీ వేయించుకున్నవాళ్లకు ఈ బొమ్మ కనిపించేది రెప్పపాటు. డిస్క్ పాస్‌వర్డ్ కూడా లేకపోతే, కేబుల్ పరీక్ష, నోమోడ్‌సెట్ పరీక్ష చేసి వదిలేయడమే మంచిదని నా అభిప్రాయం. ఆ రెండు మాత్రం వదలకండి. అవి డెస్క్‌టాప్ వేగాన్ని, వీడియోలు ఆడే తీరును కూడా ప్రభావితం చేస్తాయి. నోమోడ్‌సెట్ ఉన్న పెట్టెలో యూట్యూబ్ పాఠం కూడా తడబడుతుంది.

చేసిన ప్రతి మార్పునూ తేదీతో ఒక నోటు పుస్తకంలో రాయండి. ఒకసారికి ఒక్క మార్పే. నాలుగు మార్పులు కలిపి చేసి బాగైతే ఏది పనిచేసిందో తెలియదు. చెడితే ఏది వెనక్కి తీయాలో అసలే తెలియదు. ట్యూషన్ సెంటర్ లాంటి చోట ప్రతి పెట్టె పక్కన ఒక చిన్న కాగితం అంటించి, మానిటర్ కొలత, డ్రైవర్ పేరు, మార్చిన లైను రాసి ఉంచితే తర్వాత వచ్చే మనిషికి మీరు ఎంతో సాయం చేసినట్టు. ఏదైనా తేడా వచ్చి బూట్ ఆగిపోతే, బూట్ లైను మార్పు వల్లయితే ఆ లైనును గ్రబ్ మెనూలోనే ఒక్కసారికి సరిచేసి, మూట మార్పు వల్లయితే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింది పాత కెర్నెల్‌తో లోపలికి వెళ్లి నకలు ఫైలును వెనక్కి పెట్టేయొచ్చు. లైవ్ పెన్‌డ్రైవ్ ఒకటి చేతిలో ఉంటే ఇంకా ధైర్యం.

ఇంత పని చేశాక బొమ్మను మీ సొంతం చేసుకోవాలని అనిపిస్తే, అదీ సాధ్యమే. తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కావాలన్న పట్టుదలతో హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ 2005లోనే తెలుగు లినక్స్ తెచ్చింది. స్టార్ట్ అయ్యే తెర మీద మన లిపి ఉండాలనుకోవడం కొత్త కోరికేమీ కాదు. ఒక చిక్కు మాత్రం ఉంది. బూట్ తొలి క్షణాల్లో లోడయ్యే ఆ చిన్న మూటలో తెలుగు ఫాంట్ సాధారణంగా ఉండదు. తెలుగు వాక్యాన్ని అక్షరాలుగా ఇస్తే గడులు గడులుగా వస్తుంది. గుణింతాలు, ఒత్తులు కూర్చే యంత్రాంగం కూడా అక్కడ నమ్మకంగా ఉండదు. అందుకని మీ ట్యూషన్ సెంటర్ పేరునో, మీ పాప రాసిన శుభోదయాన్నో గింప్‌లో గానీ ఇంక్‌స్కేప్‌లో గానీ తెలుగు ఫాంట్‌తో రాసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీ బొమ్మగా దాచండి. ప్లిమత్ థీమ్‌లలో ఒకటైన స్పిన్నర్‌లో తెర కింది భాగాన వచ్చే గుర్తు వాటర్‌మార్క్.పీఎన్‌జీ అనే ఫైలు. ఆ థీమ్ ఫోల్డర్ మొత్తానికి నకలు తీసి కొత్త పేరు పెట్టి, దానిలోని థీమ్ ఫైల్లో పేరు, దారి మార్చి, నకలులోనే ఈ బొమ్మను పెట్టండి. అసలు ఫోల్డర్‌లో పెడితే తర్వాతి అప్‌డేట్‌కు అది తుడిచిపెట్టుకుపోతుంది. వెడల్పు మీ మానిటర్ వెడల్పులో మూడో వంతు మించకుండా చూసుకోండి. 1440 పిక్సెళ్ల తెరకు 480 దాటవద్దు. థీమ్‌ను ఎంచుకుని అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ నడిపి, రీస్టార్ట్ చేయండి.